వేలికీ గొట్టానికీ మధ్య

పారిస్‌లో సెంట్ సుల్పీస్ చర్చి ఆర్గన్ కన్సోల్ ముందు కూర్చుంటే ఎదురుగా అయిదు కీబోర్డులు ఒకదానిపైన ఒకటి అంచెలంచెలుగా కనిపిస్తాయి. పాదాల కింద పెడళ్ల వరుస ఇంకొకటి. చుట్టూ అర్ధచంద్రాకారంలో గుబ్బలు. ఈ గుబ్బలే స్టాప్‌లు. అరిస్టైడ్ కవాయే కోల్ 1862లో పూర్తిచేసిన ఈ వాద్యానికి అవి వంద ఉండేవి. అంత పెద్ద యంత్రాన్ని ఒక మనిషి వేళ్లతో లొంగదీసుకోగలగడం వెనుక చాలా పోరాటమే ఉంది.

నాటకాల హార్మోనియంలో మెట్టు నొక్కితే దాని వెనకే ఉన్న రంధ్రం తెరుచుకుని గాలి రీడును మోగిస్తుంది. ఆర్గన్‌లోనూ సూత్రం అదే, కాకపోతే రీడు ఉన్నచోట గొట్టం, చేతి తిత్తి ఉన్నచోట గది నిండే తిత్తులు. అసలు తేడా దూరంలో ఉంది. మెట్టు ఇక్కడ, గొట్టం ఎక్కడో పైన. ఈ రెంటినీ కలిపేవి సన్నని చెక్క పుల్లలు. వీటిని ట్రాకర్లంటారు. మెట్టు కిందికి దిగితే పుల్ల లాగబడుతుంది, మూలల్లోని మీటలు ఆ లాగుడును మలుపు తిప్పుతాయి, చివరికి గాలిపెట్టెలోని తోలు అతికించిన చెక్క కవాటం తెరుచుకుంటుంది. ఆ గాలి ఏ గొట్టాల వరుసలోకి వెళ్లాలో నిర్ణయించేది స్టాప్. గుబ్బ లాగితే గొట్టాల పాదాల కింద రంధ్రాలున్న చెక్క పట్టీ జరిగి, రంధ్రానికి రంధ్రం ఎదురవుతుంది. తోసేస్తే ఆ వరుస మూగబోతుంది.

చిక్కంతా కవాటం దగ్గరే. గాలిపెట్టెలోని ఒత్తిడి దాన్ని మూసే దిశలో నెడుతూ ఉంటుంది. ఆర్గన్ గాలిని నీటిమట్టంతో కొలుస్తారు. 75 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరుకు 7.5 గ్రాములు. కవాటం 20 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే దానిమీద 300 గ్రాముల భారం. కప్లర్ వేసి నాలుగు కీబోర్డులను ఒకదానితోనే మోగించాలంటే ప్రతి మెట్టుకూ నాలుగు కవాటాలు తగులుకుంటాయి. 19వ శతాబ్దంలో చర్చిలు మరింత పెద్ద ఆర్గన్లు, మరింత బలమైన గాలి కోరుకున్నాయి. వేళ్ల బలం మాత్రం పెరగలేదు.

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో పుట్టిన చార్ల్స్ స్పాక్‌మన్ బార్కర్‌ ఎదురు నిలిచే ఆ గాలిచేతనే పని చేయించాడు. మెట్టుకు పెద్ద కవాటంతో పని లేకుండా, చిన్న కవాటం ఒక్కదాన్ని తెరిస్తే చాలనిపించాడు. అందులోంచి దూరిన గాలి ఒక చిన్న తిత్తిని ఉబ్బిస్తుంది. దాని వైశాల్యం ఎక్కువ కనుక, అదే ఒత్తిడితో ఎక్కువ బలం పుట్టి ట్రాకర్‌ను లాగేస్తుంది. 1829 అగ్నిప్రమాదం తర్వాత కొత్తగా కట్టిన యార్క్ మిన్‌స్టర్ ఆర్గన్ మెట్లు బరువని పేరుపడ్డవే. అయినా అక్కడ బార్కర్ మాట చెల్లలేదు. ఫ్రాన్స్ వెళ్తే కవాయే కోల్ ఆదరించాడు. 1841లో సెంట్ డెనీ చర్చి ఆర్గన్‌లో ఈ బార్కర్ మీట పని మొదలుపెట్టింది. సెంట్ సుల్పీస్ అయిదు కీబోర్డులు దాని చలవే.

వేలికీ కవాటానికీ మధ్య బంధం ఒకసారి సడలాక దూరం పెరుగుతూ పోయింది. 1872లో లండన్ సెంట్ పాల్స్‌లో ఆర్గన్‌ను రెండు భాగాలుగా ఎదురెదురుగా నిలిపిన హెన్రీ విల్లిస్, పుల్లల బదులు సన్నని గొట్టాల్లో గాలిని పంపి కవాటాలను కదిలించాడు. ఆ తర్వాత టెలిఫోన్ రంగం నుంచి వచ్చిన రాబర్ట్ హోప్ జోన్స్ విద్యుత్తుతో కన్సోల్‌ను వాద్యం నుంచి పూర్తిగా విడదీశాడు. తీగ ఎంత దూరం సాగితే వాద్యకారుడు అంత దూరంలో కూర్చోవచ్చు. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో 33 వేలకు పైగా గొట్టాలతో, ఏడు కీబోర్డులతో ఆర్గన్ కట్టగలగడానికి ఇదే ఆధారం.

అయితే విద్యుత్ మెట్టు స్విచ్ మాత్రమే. ట్రాకర్ ఆర్గన్‌లో గాలి ఒత్తిడిని దాటి కవాటం విడివడే క్షణం వేలికి తెలుస్తుంది. దాన్ని మెల్లగా తెరవాలో చురుగ్గా తెరవాలో వేలే నిర్ణయిస్తుంది, స్వరం మొదలయ్యే తీరు కొంత దానిమీద ఆధారపడుతుంది. స్విచ్‌కు ఆ సంగతి పట్టదు. 1906లో ఆర్గన్ వాద్యకారుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ పాత ఆర్గన్ల పనితనాన్ని సమర్థిస్తూ చిన్న పుస్తకం రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో ఎంతోమంది నిర్మాతలు మళ్లీ ట్రాకర్ వైపు మళ్లారు.

ఇప్పుడు కట్టే పెద్ద ఆర్గన్లలో చాలావాటిలో రాజీ కనిపిస్తుంది. తిత్తులకు గాలి నింపేది విద్యుత్ మోటారు. స్టాప్‌లను కదిపేదీ, ఏ పాటకు ఏవి కావాలో గుర్తుపెట్టుకునేదీ విద్యుత్తే. మెట్టు నుంచి కవాటం దాకా మాత్రం చెక్క పుల్లలే. బరువు మోయడం, లెక్క గుర్తుంచుకోవడం యంత్రానికి అప్పగించి, స్వరం ఎలా పుట్టాలన్న నిర్ణయాన్ని మనిషి తన వేలి దగ్గరే ఉంచుకున్నాడు.