ఎండకు పెట్టిన సెల్లు

బాయిమోటర్లకు కరెంటు రాత్రిపూట వంతులవారీగా వచ్చిన రోజుల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు బ్యాటరీ లైటే తోడు. గట్ల మీద పాములు, తేళ్లు. లైటు గుడ్డిదైతే పానం మీదికొచ్చేది. కొత్త సెల్లులకు చేతిలో పైసలుండాలి కదా! అందుకే పాతవాటిని బండమీద ఎండకు పెట్టేవాళ్లు. సాయంత్రానికి లైటు కాస్త తేరుకునేది.

ఇది మూఢనమ్మకం కాదు. పాత సెల్లును పగలగొడితే నడుమ కార్బన్ కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ కలిసిన నల్లపొడి, నవసాగరంతో తడిసిన కాగితం, బయట జింకు డబ్బా కనిపిస్తాయి. 1866లో ఫ్రెంచి ఇంజినీరు జార్జ్ లెక్లాంషే గాజుజాడీలో ద్రావణంతో నడిపిన సెల్లే దీనికి మూలం. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ ద్రావణాన్ని ముద్దగా మార్చి, జింకునే డబ్బాగా చేశాడు. ఇక ఒలికే భయం లేదు. నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులదీ ఈ వంశమే.

లైటు వెలిగినంతసేపూ జింకు కరుగుతుంది. చర్యలో పుట్టిన పదార్థాలు నల్లపొడి దగ్గర పేరుకుని దారికి అడ్డం పడతాయి. విరామం దొరికితే అవి చెదురుతాయి, వేడికి అయాన్లు చురుగ్గా కదులుతాయి. ఎండ చేసేది అంతే. కరిగిన జింకును అది తిరిగి తేలేదు.

మరి చార్జింగు పెడితే? ఎదురు కరెంటుకు జింకు కొంత వెనక్కి వస్తుంది, కానీ పోయిన చోటికే రాదు. తుమ్మముళ్లలా పెరిగి కాగితాన్ని పొడుచుకుని అవతలి నల్లపొడిని తాకుతుంది. లోపల గ్యాసు పుడుతుంది, డబ్బా కారుతుంది, ఒక్కోసారి పేలుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ దీనికి షరతులు పెట్టింది: వోల్టేజి 1 వోల్టు కంటే తగ్గకముందే తీయాలి, వెంటనే చార్జింగు పెట్టాలి, 12 నుంచి 16 గంటలు నెమ్మదిగా ఎక్కించాలి, ఆపైన తొందరగా వాడేయాలి. లైటు పూర్తిగా గుడ్డిదయ్యేదాకా సెల్లు తీయని ఇళ్లలో ఇది సాగే పని కాదు. ఇక ఆల్కలైన్ రకం సెల్లు కారితే చర్మాన్ని, కళ్లను కాల్చే క్షారం బయటికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఈ ప్రయోగం వద్దనే నా మాట. చార్జింగు కోసమే పుట్టిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులున్నాయి. 1.2 వోల్టులే ఇచ్చినా వందలసార్లు ఎక్కించుకోవచ్చు.

లైటుకు చాలని మామూలు సెల్లును మాత్రం వెంటనే పారేయొద్దు. గోడగడియారం తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి, సెల్లు సైజు సరిపోతే అది ఇంకొన్నాళ్లు నడుస్తుంది. సెల్లు అడుగున తడి కనిపించిన రోజు తీసేయాలి.