యుద్ధం తెలియని నగరం!

ఆరు పెద్ద పిరమిడ్లు... వాటి మధ్య విశాలమైన మైదానం... మెట్లు దిగి వెళ్లే గుండ్రటి వేదికలు... దాదాపు అయిదు వేల ఏళ్ల కిందటి నగరమది. అక్కడ ఎంత తవ్వినా కనిపించనివి రెండు. ఒకటి, మట్టికుండ. రెండోది, యుద్ధానికి వాడే ఆయుధం!

అమెరికా ఖండాల పాత నాగరికతలంటే మనకు చప్పున గుర్తొచ్చేవి మాయా, అజ్‌టెక్, ఇంకా. కానీ ఇంకాల సామ్రాజ్యానికి నాలుగు వేల ఏళ్ల ముందే పెరూలో ఓ మహానగరం వెలసింది. దాని పేరు కరాల్. రాజధాని లిమాకి ఉత్తరంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, సూపే నది లోయలో ఉంది.

సంచి చెప్పిన తేదీ

ఆ ఎడారిలో మట్టిదిబ్బలున్నాయని 1940ల్లోనే పరిశోధకులకు తెలుసు. బంగారమా, లేదు. కుండపెంకులా, అవీ లేవు. దాంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెరూ పురావస్తు శాస్త్రవేత్త రూత్ షాడీ మాత్రం 1994లో అక్కడ అడుగుపెట్టారు. కుండలే లేవంటే, కుండలు చేయడం నేర్వకముందు కట్టిన ఊరేమో అన్నది ఆమె అనుమానం. మరి రుజువు?

అది పిరమిడ్ల పునాదుల్లోనే దొరికింది. తుంగతో అల్లిన సంచుల్లో రాళ్లు నింపి, వాటిని అలాగే పేర్చి కట్టారు అప్పటివాళ్లు. సంచిలో ఉన్న రాళ్లు భూకంపం వచ్చినా చెల్లాచెదురు కావు. పైకట్టడం నిలుస్తుంది! ఆ తుంగ పీచును కార్బన్ పరీక్షకు పంపితే క్రీ.పూ. 2627 నాటిదని తేలింది. 2001లో 'సైన్స్' పత్రిక ఈ సంగతి ప్రచురించడంతో ప్రపంచం ఉలిక్కిపడింది. మన సింధులోయలో హరప్పా, మొహెంజోదారో ఎదుగుతున్న రోజులవి. వాటి గాలి కూడా సోకకుండానే, సముద్రాల అవతల మరో చోట మనిషి తనంతట తానే నగరం కట్టాడన్నమాట.

చేపలిస్తే... పత్తిస్తాం

శత్రుభయంతోనే జనం గుమిగూడి నగరాలు కట్టుకున్నారని చాలామంది పండితులు చెబుతూ వచ్చారు. కరాల్‌లో ప్రహరీ గోడల్లేవు, యుద్ధాల ఆనవాళ్లూ దొరకలేదు. మరి అంతమందిని కలిపిందేమిటి? వ్యాపారం! తీరంలోని జాలర్లకు నెత్తళ్లు కుప్పలుగా దొరికేవి. కానీ వలలకు నూలు కావాలి. లోయలోని రైతులు కాలువలు తవ్వి పత్తి పండించేవారు. వాళ్లకు చేపలు కావాలి. ఇంకేం, వల అటు, చేప ఇటు! సముద్రానికి 20 కిలోమీటర్ల పైనే ఉన్న కరాల్‌లో చేపల ఎముకలు విస్తారంగా బయటపడ్డాయి. వలలు తేలడానికి సొరబుర్రలు కట్టేవారట.

సంగీతమంటే వాళ్లకు ప్రాణం. కొంగజాతికి దగ్గరైన పెలికాన్ పక్షుల ఎముకలతోనూ, రాబందు జాతి కాండోర్ ఎముకలతోనూ చేసిన 32 వేణువులు గుండ్రటి వేదిక దగ్గర దొరికాయి. వాటి మీద కోతుల బొమ్మలు, పక్షుల బొమ్మలు!

మళ్లీ ముప్పు

క్రీ.పూ. 1800 ప్రాంతంలో జనం కరాల్‌ను విడిచి వెళ్లిపోయారు. భూకంపాలు, వరదలు, ఇసుక మేటలు, కరవు... కారణం వీటిలోనే ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. ఇసుక కిందే ఉండటం వల్ల నగరం వేల ఏళ్లు భద్రంగా మిగిలింది.

బయటపడ్డాకే అసలు చిక్కులు. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయినా 2020లో కొవిడ్ లాక్‌డౌన్ వేళ కాపలా పలచబడటంతో ఆక్రమణదారులు వాలిపోయారు. అడ్డుకున్నందుకు, డెబ్భై దాటిన షాడీకి చంపేస్తామంటూ బెదిరింపులొచ్చాయి. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆమె బృందం అదే లోయలో వెలికితీసిన పెనికో అనే మరో పురాతన నగరాన్ని 2025 జులైలో సందర్శకుల కోసం తెరిచారు.

యుద్ధం తెలియని ఊరిని కాపాడుకోవడానికి ఇప్పుడు ఓ మనిషి యుద్ధమే చేయాల్సి రావడం ఎంత విచిత్రం!

అన్నట్టు, కరాల్ వాసులు ఏం తినేవారో తెలుసా? చేపలతోపాటు చిలగడదుంప, జామపండు. ఈ రెండూ ఆ ఖండాల నుంచే మన దేశానికి వచ్చాయి. ఈసారి జామకాయ కొరికినప్పుడు ఆ ఊరిని ఓసారి తలచుకోండి మరి!