పెరటిలోని తహారత్

వుజూ నీటి విషయంలో ఎంతో జాగ్రత్త వహించే మనం, వాడిన నీరు ఎక్కడికి పోతున్నదో పట్టించుకోము. భూగర్భ మురుగు కాలువలు లేని ఊళ్లలో అది చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకులోకే చేరుతుంది. దానిపై బండ పరచి మరచిపోతాము. పొంగిన నాడు గానీ అది మనకు గుర్తు రాదు.

మా మదర్సాలో ఒక వర్షాకాలంలో అదే జరిగింది. మరుగుదొడ్లలో నీరు దిగడం మానేసింది. ఒక కూలీని పిలిపించాము. అతడు మూత తొలగించి, నడుముకు తాడు కట్టుకొని దిగబోయాడు. మాలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. వంటశాల నుంచి వృద్ధురాలొకామె పరుగున వచ్చి, "దిగనివ్వకండి మౌల్వీసాబ్! మా తమ్ముడు ఇలాగే దిగి మళ్లీ పైకి రాలేదు" అన్నది. ఫిఖ్హ్ బోధించే మాకు తెలియనిది ఆమెకు తెలుసు. ఆ సిగ్గు ఇప్పటికీ మమ్మల్ని వీడలేదు.

ట్యాంకులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు పేరుకొని ఉంటాయి. రెండవది కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. అయితే దాని గాఢత పెరిగే కొద్దీ ముక్కు ఆ వాసనను పసిగట్టలేకపోతుంది. వాసన లేదు గదా అని దిగినవాడూ, అతడిని కాపాడబోయినవాడూ స్పృహ తప్పి పడిపోతారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మురుగు పనిలో మరణించినవారి కుటుంబానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. ప్రాణానికి అది వెల కాజాలదు.

ఆనాడు కూలీకి పూర్తి కూలి ఇచ్చి పంపి, పీల్చే యంత్రమున్న లారీని రప్పించాము. లోపం ఎక్కడున్నదో డ్రైవరే చెప్పాడు. పిల్లల ఐదు పూటల వుజూ నీరంతా ట్యాంకులోకే పోతున్నది. ట్యాంకులో బరువైన మడ్డి అడుగుకు చేరాలి, తేలికైనది తెట్టుగా తేలాలి, నడుమనున్న నీరు మాత్రమే ఇంకుడు గుంటకు పోవాలి. నీరు పోటెత్తితే మడ్డి తేరుకొనే వ్యవధి ఉండదు. అదీ గుంటలోకి కొట్టుకుపోయి మట్టి రంధ్రాలను మూసివేస్తుంది. హనఫీ ఫిఖ్హ్‌లో వుజూకు వాడిన నీరు మళ్లీ వుజూకు పనికిరాదు గానీ, అది నజాసత్ కాదు. కనుక వేరే గొట్టం వేయించి దానిని కొబ్బరి చెట్లకు మళ్లించాము.

మూడేళ్లకొకసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. యాసిడ్, ఫినాయిల్ అతిగా పోస్తే మలినాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. గుడ్డలు, పసిపిల్లల డైపర్లు అందులో వేయరాదు. భూగర్భజలం పైపైనే ఉండే నేలల్లో అమెరికాలో ఇసుక దిబ్బ కట్టి మురుగునీటిని ఇంకిస్తారు. అక్కడ ఉంటున్న మనవారు ఆ దిబ్బపై పచ్చిక తప్ప చెట్లు నాటరాదు, దానిమీద బండి నడపరాదు.

బావికీ మురుగు గుంటకూ మధ్య దూరాన్ని ఫుఖహాలు కూడా చర్చించారు. నీటి రంగు, రుచి, వాసన మారాయా అన్నది వారి కొలమానం. నేడు మన దేశ ప్రమాణం 18 మీటర్ల దూరం కోరుతున్నది. క్రిములకు రంగూ రుచీ ఉండవు కనుక, పొరుగువారి బావి దగ్గరగా ఉంటే దాని నీటిని పరీక్ష చేయించడం మన బాధ్యతే.

లారీ నిండిన తరువాత, "దీనిని ఎక్కడ పోస్తావు బాబూ?" అని డ్రైవరును అడిగాము. అతడు నవ్వి, ఊరి బయటి వాగును చూపించాడు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జననే వారించిన దైవప్రవక్త (స) సముదాయం మనది. మరో ఐదువందలు చేతిలో పెట్టి, మా ఉస్తాద్‌ నొకరిని వెంట ఇచ్చి, లారీని పురపాలక శుద్ధి కేంద్రానికి పంపించాము.