వెచ్చదనం ఖరీదెంత?

ఈ మధ్య మా వైపు ఇళ్లల్లో అమెరికా ప్రయాణానికి పెట్టెలు సర్దడం ఒక పెద్ద పండుగ పనిలా తయారైంది. ఆవకాయ, కందిపొడి, సకినాలు, కుక్కరు... వీటితోపాటు జాబితాలో తప్పకుండా కనబడే మాట 'చలి కోటు'. చికాగోకో, బఫెలోకో చదువుకోవడానికి వెళ్లే పిల్లకు అది లేకపోతే ఎలా? హైదరాబాద్ వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగి మరీ కొంటున్నాం. చేతిలోకి తీసుకుంటే దూదిపింజలా ఉంటుంది. నొక్కితే గుప్పిట్లో ఇమిడిపోతుంది, వదిలితే పూరీలా పొంగుతుంది. దాన్నే డౌన్ జాకెట్ అంటారు.

మా ఆడపడుచు కూతురికి అలాంటిదే ఒకటి కొనబోయాం. పర్యావరణం పాఠాలు చదువుకున్న పిల్ల కదా, ఊరుకుంటుందా? "అత్తమ్మా, దీంట్ల బాతు ఈకలుంటయట. బతికున్న బాతులకెల్లి పీకుతరట. నేనైతే వేసుకోను. ప్లాస్టిక్ దూదిది కొందాం" అని మొండికేసింది. వాళ్లమ్మేమో "అక్కడి చలికి గడ్డకట్టుకపోతవ్, అప్పుడు నీ బాతులొచ్చి కాపాడ్తయా?" అని ఒకటే కేకలు. మధ్యలో నన్ను పంచాయితీ పెద్దను చేసి కూర్చోబెట్టారు.

తీర్పు చెప్పాలంటే ముందు విషయం తెలియాలి కదా! కథలు రాసే అలవాటు వల్ల ఏ వస్తువు కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే గానీ నాకు నిద్రపట్టదు. అలా తవ్వి తీసిన సంగతులు మీతోనూ పంచుకుంటే బాగుంటుందనిపించింది.

ఈకలో దాగిన గాలి

ముందుగా, అందులో కూరేది మనం చూసే గట్టి ఈకలు కావు. బాతు పొట్ట మీద, రొమ్ము మీద, పై ఈకల కింద దాగి ఉండే మెత్తని నూగు. దానికి కాడ ఉండదు. సన్నని పోగులు పువ్వులా విచ్చుకుని తమ మధ్య గాలిని పట్టి ఉంచుతాయి. కదలకుండా ఆగిన ఆ గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. కొత్తగా ఏకించిన దూది పరుపు వెచ్చగా, గడ్డకట్టిన పాత పరుపు చల్లగా ఉండేది ఇందుకే. తక్కువ బరువులో ఇంత వెచ్చదనం ఇచ్చే వస్తువు మరొకటి దొరకడం కష్టం.

ఆ వెచ్చదనం విలువ తెలియాలంటే మన భువనగిరి గుట్టను ఒకసారి తలుచుకోవాలి. ఒకే రాయిగా నిలబడ్డ ఆ గుట్ట మీద సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు కొండలెక్కడం నేర్పారు. అక్కడ తాడు పట్టిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. అంత ఎత్తుకు వెళ్లేవాళ్లు నిలువెల్లా నూగు కూరిన సూటు వేసుకుంటారు. అక్కడ అది షోకు కోసం వేసుకునేది కాదు, ప్రాణం నిలబెట్టేది.

ఇక నూగు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రపంచంలో వాడే నూగులో ఎక్కువ భాగం చైనాదే. అక్కడ బాతు మాంసం బాగా తింటారు. మాంసం కోసం కోసిన బాతుల నూగునే కడిగి, ఆరబెట్టి అమ్ముతారు. అంటే పారేయాల్సింది పనికొస్తోందన్నమాట. అంతవరకూ మంచిదే. కానీ మా పిల్ల విన్నది కూడా అబద్ధం కాదు. బతికున్న పక్షుల నుంచి నూగు పీకిన సంఘటనలు బయటపడ్డాయి. కాలేయం బాగా పెరగాలని బాతు గొంతులోకి గొట్టం పెట్టి తిండి కుక్కే పద్ధతి కూడా ఉంది. అలా తయారైన కాలేయం వంటకం దిగుమతిని మన దేశం 2014లోనే నిషేధించింది. ఈ రెండు పనులూ చేయని చోటి నుంచే నూగు తెచ్చామని హామీ ఇచ్చే 'రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్' అనే గుర్తు కూడా 2014లోనే వచ్చింది. కోటు లోపలి చీటీ మీద ఆ గుర్తు ఉందో లేదో చూడడం మన చేతిలో పని.

"దసరాకు నాటుకోడి కూర రెండుసార్లు వడ్డించుకున్నవ్ కదా, బాతు మీదనే ఎందుకే అంత దయ?" అని వాళ్లమ్మ దెప్పింది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు ఉందని ఆవిడ భావం. నవ్వొచ్చింది గానీ, నేను పిల్ల పక్షమే మాట్లాడాను. తినడానికి కోయడం వేరు, బతికుండగా పీకడం వేరు. మొదటిది చేస్తున్నాం కాబట్టి రెండోదాని గురించి అడగకూడదంటే ఎలా?

అసలు చిక్కు పైబట్టలో

అయితే బాతుల గొడవలో పడి మనం మరో సంగతి మర్చిపోతున్నాం. ఆ నూగును పట్టి ఉంచే పైబట్ట నైలాన్‌దో, పాలిస్టర్‌దో అయి ఉంటుంది. రెండూ పెట్రోలియం నుంచి వచ్చేవే. 'ప్లాస్టిక్ దూది' కోటులో అయితే లోపల కూరేదీ అదే. పాత సీసాలు కరిగించి చేసిన దూది కొంత నయం. జంతువుల బాధ లేదు, తడిసినా వెచ్చదనం బాగానే నిలుస్తుంది. నూగు తడిస్తే ముద్దయిపోతుంది, ఆ గుణం దానికి లేదు. కానీ ప్లాస్టిక్ దూది నలిగీ నలిగీ త్వరగా అణిగిపోతుంది. పాలిస్టర్ బట్ట ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని పోగులు నీళ్లలో కలుస్తాయి. బాతును వదిలేసినంత మాత్రాన చేతులు కడుక్కున్నట్టు కాదు.

ఇంకొకటి, వాన పడితే నీటిబొట్టు జారిపోవడానికి పైబట్ట మీద పూసే రసాయనం. ఫ్లోరిన్, కార్బన్ కలిసిన ఒక పెద్ద కుటుంబం నుంచి దీన్ని తీసుకునేవారు. వాటిని పొట్టిగా పీఫాస్ అంటారు. మట్టిలో, నీళ్లలో ఎన్నేళ్లున్నా ఇవి విరగవు. ఈ కుటుంబంలోని పీఎఫ్ఓఎస్ అనేదాన్ని 2009లో, పీఎఫ్ఓఏ అనేదాన్ని 2019లో ప్రపంచ దేశాలు స్టాక్‌హోం ఒప్పందం కింద ప్రమాదకరమైన వాటి జాబితాలో చేర్చాయి. అవి లేకుండా కోట్లు చేసే కంపెనీలూ ఇప్పుడున్నాయి.

నల్గొండలో పుట్టి పెరిగినదాన్ని కదా, ఫ్లోరిన్ అనే మాట వినబడితే నా చెవి అటే పోతుంది. మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూస్తూ పెరిగాం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది. మన బావుల్లోది రాళ్లలోంచి దిగినది, కోటు మీద పూసేది కార్ఖానాలో పుట్టినది. రెండూ ఒకటి కావు, అవి చేసే చెడూ ఒకటి కాదు. కానీ నీళ్లలో ఒకసారి విషం చేరితే దాన్ని వదిలించడం ఎంత కష్టమో, ఆ కష్టంలో బిందె మోసేది ఎవరో మనకు ఒకరు చెప్పాలా? ఎక్కడో ఏ దేశంలోనో కార్ఖానా పక్క ఊళ్లో బావి నుంచి నీళ్లు తోడే ఆడమనిషికీ అదే బాధ.

మన మంద సంగతేమిటి?

ఇదంతా చదువుతుంటే నాకు మాటిమాటికీ మన గొంగడి గుర్తుకొచ్చింది. ఎండకు, వానకు, చలికి గొర్రెల వెంట తిరిగే కాపరి ఒంటి మీద కోటు అదే కదా! వాన వస్తే ఒక మూల మడిచి తల మీంచి వేసుకుంటాడు. రాత్రి పరుచుకుంటే పడక, కప్పుకుంటే దుప్పటి. ఈనిన గొర్రెపిల్లను మోసుకొచ్చే ఊయల కూడా అదే. దక్కనీ గొర్రె ఉన్ని నల్లగానే ఉంటుంది కాబట్టి రంగు అద్దే పని లేదు. ఆడవాళ్లు ఉన్ని వడుకుతారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి మగవాళ్లు గుంటమగ్గం మీద నేస్తారు. కరెంటు ఖర్చు లేదు. పాతదై చిరిగి పోగులైతే చేలో ఎరువుగా కలిసిపోతుంది. మేకలూ గొర్రెలూ నెమరువేస్తే మీథేన్ వాయువు వస్తుందన్నది నిజమే. కానీ ఆ గొర్రె ఒక్క ఉన్ని కోసమే బతకడం లేదు. మాంసం ఇస్తోంది. రాత్రిపూట మంద ఆపితే పొలానికి ఎరువిస్తోంది.

మరి ఆ గొంగడి ఇప్పుడెక్కడుంది? మా అత్తగారి ఊరు పాలమూరు వైపు. అక్కడ కురుమ ఇంటి పెద్దమ్మ ఒకావిడ చిన్నప్పటి నుంచీ ఉన్ని వడికింది. పోయినసారి వెళ్లినప్పుడు రాట్నం కనబడలేదు, ఏదీ అని అడిగాను.

"అటుక మీద పడేసినం బిడ్డా. వడికి వడికి వేళ్లరిగినయ్ గని ఇల్లు గడిచింది. ఇప్పుడు బొచ్చు కత్తిరిచ్చెటోనికి కూలి మనమే ఇయ్యాలె. బొచ్చు కొనేటోడు లేడు. పెంటకుప్ప మీద పోస్తున్నం" అంది.

ఆమె కోడలు పొద్దున్నే ఆటో ఎక్కి పత్తి ఏరడానికి పోతోంది. వడికితే వచ్చే కూలి కంటే అదే నయమట. తప్పు పట్టగలమా?

గొర్రెలు కూడా మారిపోయాయి. మాంసానికి మంచి ధర వస్తుందని చాలా ఏళ్ల నుంచే జనం నెల్లూరు జాతి వైపు మళ్లారు. వాటి ఒంటి మీద పొట్టి వెంట్రుకలే తప్ప వడకడానికి ఉన్ని ఉండదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా జీవాలు ఎక్కువగా పక్క రాష్ట్రాల నుంచే వచ్చాయి. గొర్రెలు పెరిగాయి గానీ నల్ల ఉన్నికి చోటు మరింత తగ్గింది.

చూడండి, గొంగడి అంటే మనకు గౌరవం లేక కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. గద్దర్ భుజం మీద నల్ల గొంగడి చూసి పొంగిపోయినవాళ్లం మనం. ఇప్పటికీ సభల్లో నాయకులకు గొంగడి కప్పి, చేతికి గొర్రెపిల్లనిచ్చి ఫొటోలు దిగుతూనే ఉన్నారు. ఆ గొంగడి ఉన్ని వడికినదెవరో, ఆమెకు ఎంత ముట్టిందో అడిగినవాళ్లను మాత్రం నేను చూడలేదు. పర్యావరణానికి మంచిదని మెచ్చుకుని, వడికిన చేతికి కూలి గిట్టకపోతే ఆ మంచి ఎన్నాళ్లు నిలుస్తుంది? బాతు బాధను అడిగినట్టే ఈ ఆడవాళ్ల వేళ్ల బాధనూ అడగాలి.

ఇంతకీ ఏం చేద్దాం?

అలాగని పిల్లకు గొంగడి కప్పి విమానం ఎక్కించమని చెప్పడం లేదు. గొంగడి బరువు, ఒంటికి గుచ్చుకుంటుంది, జాగ్రత్తగా దాచకపోతే పురుగు కొడుతుంది. మంచు కురిసే ఊళ్లో బస్సు కోసం నిలబడడానికి నూగు కోటే సరైనది. కానీ మన నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో రెండు నెలల పొద్దుటి చలికి, అది కూడా బండి మీద ట్యూషన్‌కు వెళ్లి రావడానికి, పొంగే కోటు ఎందుకండీ? సంక్రాంతి దాటగానే బీరువాలో పడేసి, మళ్లీ ఏడాది రంగు నచ్చలేదని కొత్తది కొంటున్నాం. ఎంత మంచి గుర్తు ఉన్న కోటైనా రెండు చలికాలాలకే చెత్తలోకి పోతే దండగే. పదిహేనేళ్లు వాడితే దాని పాపం పదిహేనేళ్లకు పంచుకున్నట్టు.

అందుకే నా తీర్పు ఇలా చెప్పాను: కొత్తది వద్దు. మా వీధిలో అమెరికా నుంచి తిరిగొచ్చేసిన అబ్బాయి కోటు ఆరేళ్లుగా ఊరికే వేలాడుతోంది. వాళ్లమ్మ సంతోషంగా ఇచ్చింది. జిప్పు రన్నరు పోతే క్లాక్ టవర్ దగ్గర టైలర్ కొత్తది ఎక్కించాడు. ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఇలాంటి కోట్లు ఉన్నాయి. ఒక్కమాట అడిగితే దొరుకుతాయి.

కొత్తది కొనక తప్పనివాళ్లు మూడు ప్రశ్నలు వేయండి. నూగు ఎక్కడిదో చెప్పే గుర్తుందా? పైబట్టకు పీఫాస్ రసాయనాలు వాడలేదని రాశారా? జిప్పు పోతే, చిరిగితే బాగుచేసి ఇస్తారా? ఇంటికి తెచ్చాక బండమీద బాదకండి, పిండకండి. గోరువెచ్చని నీళ్లలో తక్కువ సబ్బుతో, అవసరమైనప్పుడే ఉతకండి. లోపలి ఉండలు చేత్తో విడదీస్తూ పూర్తిగా ఆరనివ్వండి. చిన్న చిరుగుకు సూది పెడితే ఆ బొక్కల్లోంచే నూగు కారిపోతుంది, అతికించే పట్టీ వేయండి. సంచిలో కుక్కి దాచకుండా హ్యాంగర్‌కు వేలాడదీయండి. నొక్కి ఉంచితే పొంగే గుణం పోతుంది.

ఇక ఇక్కడే ఉండే మనకు, జాతరలో రాత్రి పడుకోవడానికి, పొలం దగ్గర కాపలాకు, మిద్దె మీద చలికి గొంగడిని మించింది లేదు. కొనేటప్పుడు ఉన్ని దక్కనీ గొర్రెదేనా, మిల్లు పోగు కలిపారా అని అడగండి. వీలైతే నేసినవాళ్ల దగ్గరే కొనండి, బేరం మాత్రం ఆడకండి. మీ ఇంట్లో అటక మీద పాతదేమైనా ఉంటే ఈ ఆదివారం దించి, దులిపి, ఎండలో వేయండి. మడతల మధ్య ఎండిన వేపాకు పెట్టండి. దాన్ని ఎవరు నేశారో, ఏ ఊరివాళ్లో ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడిగి చూడండి. ఆ ఇంట్లో ఇంకా రాట్నం తిప్పే చేయి ఉండొచ్చు.