రిమోట్ బోటు నీళ్లలో మునిగితే ఆరబెట్టే ముందు కడగాలి.. ఎందుకంటే?

రిమోట్ బోటు చెరువు మధ్యలో బోల్తా కొట్టింది. ఎలాగోలా ఒడ్డుకు లాగారు. మూత తీసి లోపలి నీళ్లు వంచేశారు. రుమాలుతో తుడిచి, ఓ పావుగంట ఎండలో పెట్టి స్విచ్ వేశారు. మోటారు తిరిగింది. గండం గడిచిందనుకుని బోటును ఇంటికి తీసుకెళ్లి అటక మీద పెట్టారు. రెండు వారాల తర్వాత తీస్తే అందులో చలనం లేదు.

రిమోట్ కంట్రోల్ బోట్లు నడిపేవారిలో చాలామందికి ఇలాంటి అనుభవం ఉంటుంది. సరదాగా నడిపేవారికే కాదు, చెరువు నీటి నాణ్యతను కొలిచే చిన్న బోట్లను ప్రాజెక్టుగా తయారు చేసే ఇంజినీరింగ్ విద్యార్థులకూ ఈ చిక్కు ఎదురవుతుంది. మునిగిన రోజు పనిచేసిన బోర్డు, ఆరిపోయాక ఎందుకు పాడవుతుంది? దీనికి జవాబు తెలిస్తే బోటునే కాదు, వరదలో తడిసిన ఇంటి సామాన్లను కాపాడుకునే తీరు కూడా మారుతుంది.

దెబ్బతీసేది నీరు కాదు, అందులో ఉన్నది

పూర్తిగా స్వచ్ఛమైన నీటిలో కరెంటు దాదాపుగా ప్రవహించదు. కానీ చెరువు నీరు, కుళాయి నీరు అంత స్వచ్ఛమైనవి కావు. వాటిలో కరిగి ఉన్న లవణాలు కరెంటుకు దారి ఇస్తాయి. సముద్రపు నీటిలోనైతే లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మామూలు కుళాయి నీటితో పోలిస్తే అందులో కరెంటు సుమారు వంద రెట్లు సులువుగా ప్రవహిస్తుంది.

మూడు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ 11.1 వోల్టులు ఇస్తుంది. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి సిద్ధాంతపరంగా 1.23 వోల్టులు చాలు. తడిసిన సర్క్యూట్ బోర్డుకు బ్యాటరీ తగిలించి ఉంటే, నగలకు బంగారు పూత వేసేటప్పుడు జరిగే ప్రక్రియ లాంటిదే అక్కడ అదుపు లేకుండా సాగుతుంది. పాజిటివ్ వైపున్న రాగి, సోల్డరింగ్‌లోని తగరం కొద్దికొద్దిగా కరిగి నెగెటివ్ వైపు చేరతాయి. అక్కడ వెంట్రుకల్లాంటి లోహపు పోగులుగా పెరుగుతాయి. అవి ఎదుటి వైపును తాకితే షార్ట్ సర్క్యూటే. ఇదంతా జరగడానికి నిమిషాలు చాలు.

బ్యాటరీ తీసేస్తే ఈ వేగవంతమైన నష్టం ఆగుతుంది. కానీ నీరు ఆవిరైనా లవణాలు అక్కడే మిగులుతాయి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే, బోర్డు మీది ఉప్పు కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రాగి గీతలకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. అటక మీద బోటు పాడైంది ఇలాగే.

మొదటి గంటలో ఏం చేయాలి?

బోటు చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ వైరు పీకేయడం. 'పనిచేస్తుందో లేదో ఒకసారి చూద్దాం' అని స్విచ్ వేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు. బోటు కోసం లోతు తెలియని చెరువులోకి ఎవరూ దిగకూడదు. గేలపు తాడుకు బంతి కట్టి విసిరి, నెమ్మదిగా లాగడం మేలు.

రెండో పని కడగడం. తడిసిన దాన్ని మళ్లీ తడపడం వింతగా అనిపించవచ్చు. కానీ ఉప్పు, బురద ఎండి గట్టిపడకముందే పోవాలంటే వేరే దారి లేదు. రిసీవర్, స్పీడ్ కంట్రోలర్ల డబ్బాలు తెరిచి, కార్ల బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడగాలి. అది దొరక్కపోతే ముందు కుళాయి నీటితో కడిగినా, ఉప్పునీటిని అలాగే వదిలేయడం కంటే నయం.

తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో బోర్డును రుద్దాలి. అది చిప్‌ల కింద దాగిన నీటిని తనలో కలుపుకుని త్వరగా ఆవిరవుతుంది. దానికి సులువుగా మంట అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర, కిటికీలు మూసిన గదిలో ఈ పని చేయకూడదు.

ఆ తర్వాత ఫ్యాన్ గాలికి ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. హెయిర్ డ్రయర్ వేడికి ప్లాస్టిక్ భాగాలు వంగిపోవచ్చు, నీరు మరింత లోపలికి పోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా వల్ల ప్రయోజనం లేదు. బియ్యం లవణాలను తీయలేదు, పైగా దాని పొడి సందుల్లో చేరుతుంది. ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని యాపిల్ సంస్థే తన వినియోగదారులకు చెబుతోంది.

మళ్లీ కరెంటు ఇచ్చే ముందు

బోర్డును భూతద్దంతో చూడాలి. చిలుము, తెల్లటి పొర కనిపిస్తే మళ్లీ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, దెబ్బతిన్న కాళ్లకు ఫ్లక్స్ రాసి తిరిగి సోల్డరింగ్ చేయాలి. తర్వాత స్పీడ్ కంట్రోలర్‌కు బ్యాటరీ తగిలించే రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్‌ను మల్టీమీటర్‌తో కొలవాలి. రీడింగ్ సున్నా దగ్గరే నిలిచిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే. కెపాసిటర్ల వల్ల మొదట తక్కువగా ఉండి క్రమంగా పెరిగితే అది మామూలే.

మొదటి పరీక్షకు లిథియం బ్యాటరీ వాడకూడదు. షార్ట్ ఉంటే అది ఒక్కసారిగా పదుల ఆంపియర్ల కరెంటు వదులుతుంది, బోర్డు కాలిపోతుంది. కరెంటుకు హద్దు పెట్టగల పవర్ సప్లై వాడాలి. అది లేకపోతే ఒకటి రెండు ఆంపియర్ల ఫ్యూజు మధ్యలో పెట్టి, మోటారు తిప్పకుండా చూడాలి.

బ్రష్‌లెస్ మోటారు నీటిని కొంత తట్టుకుంటుంది. దాని బేరింగులే తుప్పు పడతాయి కాబట్టి, కడిగి ఆరబెట్టాక నూనె వేయాలి. చుక్కాని తిప్పే సర్వోలో మాత్రం చిన్న బోర్డు, గేర్లు కలిసే ఉంటాయి. దాన్ని తప్పనిసరిగా విప్పి చూడాలి.

బ్యాటరీ సంగతి వేరు. ఉబ్బినా, చిల్లు పడినా, ఉప్పునీటిలో మునిగినా మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. ఇంటికి దూరంగా, మండే వస్తువులేవీ లేని చోట ఉంచి, సేకరణ కేంద్రానికి అప్పగించాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకూడదు.

నీళ్లు లోపలికి రాకుండా..

చాలా బోట్లలోకి నీరు పై మూత నుంచే కాదు, కింద నుంచీ వస్తుంది. ప్రొపెల్లర్ ఇరుసు వెళ్లే గొట్టంలో గ్రీజు అయిపోయినా, చుక్కాని కడ్డీ దూరే రంధ్రం దగ్గర రబ్బరు చిరిగినా, మోటారును చల్లబరిచే నీటి పైపు ఊడినా లోపల తడి మొదలవుతుంది.

'వాటర్‌ప్రూఫ్' అన్న మాటను కూడా జాగ్రత్తగా చదవాలి. ఐపీ67లో చివరి 7 అంకెకు అర్థం మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకుంటుందని. సముద్రపు నీటికి, వేగంగా తాకే నీటి ధారకు అది హామీ కాదు.

బోర్డులకు యాక్రిలిక్ లేదా సిలికాన్ పూత వేస్తే తేమ నేరుగా తగలదు. అయితే కనెక్టర్లు, బటన్లపై ఈ పూత పడకూడదు. కనెక్టర్లకు సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోతుంది. అన్నిటినీ గాలి చొరబడని డబ్బాలో బిగించినా చిక్కే. స్పీడ్ కంట్రోలర్ వేడెక్కుతుంది, ఉక్కపోత రోజున మూసిన డబ్బా చల్లటి నీటిని తాకగానే లోపలి తేమ చుక్కలుగా మారుతుంది. అందుకే డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఉంచాలి, ఇంటికి రాగానే మూత తెరిచి పెట్టాలి.

రిసీవర్ యాంటెన్నా నీటి మట్టానికి పైనే ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను నీరు పీల్చేస్తుంది. సిగ్నల్ తెగినప్పుడు మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్‌ను ముందే సెట్ చేసుకోవాలి.

వరద ఇంట్లోకి వస్తే?

2015లో చెన్నై, 2018లో కేరళ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం.. నీరు తీశాక ఇళ్లలో బురద పట్టిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, టీవీలు మిగిలాయి. అప్పు చేసి కొన్న వస్తువు పనిచేస్తుందో లేదోనన్న ఆత్రంలో స్విచ్ వేయాలనిపించడం సహజం. బోటు విషయంలో జరిగే తప్పే ఇక్కడా జరుగుతుంది. కాకపోతే ఇక్కడున్నది 11 వోల్టులు కాదు, 230 వోల్టులు. బోర్డుతోపాటు ప్రాణమూ పోవచ్చు.

అందుకే మెయిన్ స్విచ్ ఆపాలి. అది నీటిలో ఉంటే లేదా తడిగా ఉంటే ముట్టుకోకుండా విద్యుత్ సిబ్బందిని పిలవాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ నుంచి కరెంటు వస్తూనే ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. టీవీలు, వాషింగ్ మెషీన్లను సొంతంగా విప్పకూడదు. ప్లగ్ తీసినా కొన్ని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉంటుంది. మెకానిక్‌ను పిలిచినప్పుడు మాత్రం ఒక ప్రశ్న అడగాలి: బోర్డును ఆరబెట్టడమేనా, కడిగి ఆరబెడతారా? ఆ వస్తువు మరికొన్నేళ్లు పనిచేస్తుందా, మరికొన్ని రోజులకే మూలన పడుతుందా అన్నది చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.