మెల్లని దక్షిణపు గాలి

అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోముకు చేసిన ఓడ ప్రయాణాన్ని లూకా ఎంతో వివరంగా రాశాడు (అపొ.కా. 27వ అధ్యాయం). ఓడలో ఉన్న 276 మందిని మృత్యుముఖం దాకా తీసుకెళ్లిన పొరపాటు ఎక్కడ మొదలైందో కూడా అందులోనే ఉంది. విచిత్రమేమంటే, అది తుపానుకు ముందే, హాయిగా వీచిన ఒక పిల్లగాలితో మొదలైంది!

ఆనాటి నావికులకు దిక్సూచి లేదు. పగలు సూర్యుడు, రాత్రి నక్షత్రాలు, ఒడ్డున కనిపించే కొండలే వారికి దారి చూపేవి. పైగా వేసవిలో ఆ సముద్రం తూర్పు భాగంలో గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. కైసరయ నుంచి ఇటలీకి వెళ్లేవారికి అది ఎదురుగాలి. అందుకే వారి ఓడ తిన్నగా పడమటికి వెళ్లలేదు. సీదోనులో ఆగి, కుప్ర ద్వీపం చాటున సాగి, కిలికియ, పంఫూలియ తీరాల మీదుగా మూర రేవు చేరింది. ఆ తీరాన నేలమీది నుంచి వచ్చే గాలి, పడమటికి సాగే నీటి ప్రవాహం ఓడలకు సాయపడతాయి. దారి చుట్టే గానీ క్షేమమైన దారి. మూరలో శతాధిపతియైన యూలి ఖైదీలను గోధుమలతో ఇటలీకి వెళ్తున్న అలెక్సంద్రియ ఓడలోకి మార్చాడు. ఆ ఓడ చాలా దినాలు గాలితో పెనుగులాడి, క్రేతు దక్షిణ తీరాన మంచిరేవులు అనే చోట ఆగింది.

అప్పటికే కాలం మించిపోయింది. యూదుల ప్రాయశ్చిత్త ఉపవాసం కూడా గడిచిపోయిందని లూకా రాశాడు. అంటే సెప్టెంబరు చివరో, అక్టోబరో. సెప్టెంబరు మధ్య నుంచి సముద్రయానం ప్రమాదకరమని, నవంబరు 11 నుంచి మార్చి 10 వరకు సముద్రం మూసివేసినట్టేనని రోమా రచయిత వెగేషియస్ తర్వాతి కాలంలో రాశాడు. అక్టోబరు, నవంబరు తుపానులను ఎరిగిన మన కోస్తావారికి ఈ భయం కొత్తదేమీ కాదు.

పౌలు లేచి హెచ్చరించాడు. అంతకు ముందే మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడ్డవాడాయన (2 కొరింథీ 11:25). అయినా శతాధిపతి నావికుడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. వారి వాదన మరీ తెలివితక్కువదేమీ కాదు. మంచిరేవులు చలికాలం గడపడానికి అనువైనది కాదు. అనువైన ఫీనిక్సు రేవు సుమారు 65 కిలోమీటర్ల దూరమే. ఎక్కువమంది వెళ్దామనే అన్నారు. పైగా ఆ రోజుల్లో రోముకు గోధుమలు చేర్చడం లాభసాటి బేరం. చలికాలంలో ధాన్యం తెచ్చే వర్తకుల ఓడలు తుపానుకు నష్టపోతే ఆ నష్టం తానే భరిస్తానని క్లౌదియ చక్రవర్తి లోగడ ప్రకటించాడు కూడా!

సరిగ్గా అప్పుడే దక్షిణపు గాలి మెల్లగా వీచింది. తమ ఆలోచన నెరవేరినట్టేనని లంగరెత్తారు. కొంతసేపటికే ద్వీపం మీది నుంచి ఊరకులోను అనే పెనుగాలి విరుచుకుపడింది. సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు, దారి తెలియలేదు. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ స్మిత్ అనే నౌకాయాన అనుభవజ్ఞుడు 1848లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ ప్రయాణాన్ని లెక్కగట్టాడు. గాలికి కొట్టుకుపోయే ఓడ గంటకు ఒకటిన్నర మైలు చొప్పున కౌద ద్వీపం నుంచి మెలితే చేరడానికి 13 దినాలకు కాస్త ఎక్కువ పడుతుందని తేల్చాడు. లూకా చెప్పింది కూడా పద్నాలుగో రాత్రి అనే!

ప్రియులారా, పరిస్థితులు అనుకూలించడమే దేవుని చిత్తానికి గుర్తు అని మనలో చాలామంది అనుకుంటాం. వీసా త్వరగా వచ్చింది, అప్పు తేలికగా పుట్టింది, సంబంధం అడగకుండానే ఇంటికి వచ్చింది, కాబట్టి ఇది దేవుడే తెరిచిన తలుపు అంటాం. కావచ్చు. కానీ దక్షిణపు గాలి కూడా తలుపు తెరిచినట్టే కనిపించింది. ఇది తగిన కాలమా? ఈ సలహా ఇస్తున్నవారికి ఇందులో లాభమేమిటి? మన మేలు కోరి వద్దంటున్న స్వరాన్ని కేవలం సంఖ్యాబలంతో నోరు మూయిస్తున్నామా? లంగరు ఎత్తకముందే అడగవలసిన ప్రశ్నలివి.

అయితే మాట విననివారిని దేవుడు విడిచిపెట్టలేదు. ఓడలోనివారందరి ప్రాణాలను పౌలుకు అనుగ్రహించానని తన దూతచేత చెప్పించాడు. ఆ వాగ్దానం దొరికిందని ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నావికులు బుడుదు వేసి లోతు చూశారు. మొదట ఇరవై బారలు, తర్వాత పదిహేను బారలు. నేల దగ్గరవుతోందని గ్రహించి, రాళ్లకు కొట్టుకోకుండా వెనుక నుంచి నాలుగు లంగరులు వేశారు. చిన్న పడవలో పారిపోవాలని చూసిన నావికులను పౌలే ఆపించాడు. వారు ఓడలో ఉంటేనే అందరూ బతుకుతారని ఆయనకు తెలుసు. నిజమైన విశ్వాసం బుడుదును పారవేయదు.

చివరికి ఓడ పోయింది, సరుకు పోయింది. 276 మందిలో ఒక్కరూ నశించలేదు. పౌలు మాట వినివుంటే ఆ ఓడ, ఆ గోధుమలు కూడా దక్కేవి. దేవుని కృప మన పొరపాట్ల తర్వాత కూడా మనలను ఒడ్డుకు చేర్చగలదు. అయితే ఆయన మాట వినవలసిన స్థలం మాత్రం మంచిరేవులే!