ప్రోగ్రాముకొక చద్దిమూట

పిల్లలూ! మా ఇల్లు శంషాబాదులో. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైనది మొదలు మా ఇంటికి చుట్టాల రాక హెచ్చింది. తెల్లవారుజామున విమానం ఎక్కవలసినవాళ్ళు ముందురోజు రాత్రే వచ్చి మా ఇంట్లో దిగుతారు. దిగగానే పెట్టెలు విప్పి, మళ్ళీ సర్ది, తూకం వేస్తారు. బరువు మించిందని ఒక పొట్లం తీసేస్తారు. మనసొప్పక దాన్నే మళ్ళీ లోపల పెడతారు. ఆవకాయ, కందిపొడి, చింతపండు, ఆఖరుకు మజ్జిగ చిలికే కవ్వం కూడానూ! "అక్కడ దొరకదేమో" అన్నదే వాళ్ళ బెంగ.

ఈ బెంగ కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళకు కూడా ఉండాలి. లేకపోతే ఏమవుతుందో మా మనుమరాలు ఈ మధ్యనే తెలుసుకున్నది.

ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది. పైథాన్ అనే కంప్యూటరు భాషలో చిన్నపిల్లలకు ఎక్కాలు నేర్పే ఆట ఒకటి తయారుచేసింది. "ఏడు తొమ్మిదులు ఎంత?" అని తెరమీద ప్రశ్న వస్తుంది. సరైన జవాబు కొడితే చిలకబొమ్మ రెక్కలాడించి ఎగురుతుంది. ఇంట్లో అందరం ఆడి చూశాం. నేనూ పందొమ్మిదో ఎక్కంలో ఒకసారి తప్పాను!

బడిలో సైన్సు ప్రదర్శన రోజు వచ్చింది. ఆటను పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్ళింది. ఒకటో తరగతి పిల్లలు చిలకను చూద్దామని చుట్టూ మూగారు. తీరా చూస్తే చిలక రాలేదు. "పైగేమ్ అనే మాడ్యూలు లేదు" అని మాత్రం ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. ఆ రోజు బడిలో ఇంటర్నెట్టు కూడా లేదు, తెప్పించుకుందామంటే. పిల్లలు కాసేపు చూసి పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికి వచ్చి, "తాతయ్యా, నేను రాసినదాంట్లో తప్పు లేదు. ఇంట్లో ఆడింది కదా!" అన్నది కళ్ళనీళ్ళతో.

"నీ ప్రోగ్రాము ఎన్ని పంక్తులు?" అని అడిగాను.

"నూట ఇరవై."

"చిలక ఎట్లా ఎగరాలో ఆ నూట ఇరవైలో ఉన్నదా?"

"లేదు. బొమ్మలు కదిలించే పని పైగేము చూసుకుంటుంది."

"మరి పైగేము ఎక్కడున్నది?"

"మన కంప్యూటరులో..." అంటూ మధ్యలోనే ఆగిపోయింది. జవాబు తనకే తట్టింది.

చూశారా! ప్రతి ప్రోగ్రాముకూ అన్ని పనులూ మొదటినుంచి రాసుకోనక్కరలేదు. ఇతరులు రాసిపెట్టిన వాటిని పిలిచి పని చేయించుకోవచ్చు. అట్లా పిలవబడేవాటిని ఆధారాలు అంటారు. ఆధారం లేని చోటికి వెళితే ప్రోగ్రాము ఆగిపోతుంది.

ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ అనే కంప్యూటరు పని ప్రారంభించింది. మారిస్ విల్క్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం దాన్ని నిర్మించారు. ఆ రోజుల్లో ప్రోగ్రాములను కాగితపు పట్టీలమీద చిల్లులు పొడిచి ఇచ్చేవారు. అందరికీ పనికివచ్చే లెక్కల పట్టీలను ఒక బీరువాలో భద్రపరిచారు. కావలసినవాళ్ళు వాటికి నకలు తీసి తమ పట్టీలోనే చేర్చుకునేవారు. అనగా యంత్రం దగ్గరికి వచ్చే పట్టీలో కావలసినదంతా ఉండేది. అది చద్దిమూట పద్ధతి.

తరవాత ఒకే కంప్యూటరులో అనేక ప్రోగ్రాములు చేరాయి. ఒకే ఆధారాన్ని ప్రతి ప్రోగ్రామూ విడివిడిగా మోయటం దండుగ అనిపించింది. అందుచేత ఒక్క ప్రతిని కంప్యూటరులో పెట్టి అందరూ వాడుకోసాగారు. ఇది టెంటుహౌసు పద్ధతి. పెళ్ళికి వండే గుండిగలు ఇంటింటా ఎందుకు? టెంటుహౌసులో ఉంటే అందరూ తెచ్చుకోవచ్చు. కాని టెంటుహౌసు లేని ఊళ్ళో పెళ్ళి పెట్టుకుంటే వంటవాడు చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. మా మనుమరాలికి జరిగింది ఇదే.

అందుకని మళ్ళీ చద్దిమూట కడదామనుకున్నాం. ఈ పనికి పైఇన్‌స్టాలర్ అనే సాధనం ఉన్నది. అది ముందు ప్రోగ్రామంతా చదివి, ఏయే ఆధారాలను పిలుస్తున్నదో చూస్తుంది. ఆ ఆధారాలు వేరే వాటిని పిలిస్తే వాటినీ పట్టుకుంటుంది. పైథాన్ ఆజ్ఞలను చదివి అమలుజరిపే ప్రోగ్రామును కూడా కలుపుతుంది. కావాలని అడిగితే అన్నిటినీ ఒకే ఫైలుగా కడుతుంది. ఆ ఫైలును నొక్కితే మూటలోని సరుకు తాత్కాలికంగా ఒక చోట విప్పుకుంటుంది, ఆట నడుస్తుంది. ఆట ముగిశాక విప్పిన సరుకంతా తుడిచిపెట్టుకుపోతుంది. మూట విప్పాలి గనక ఆట మొదలుకావటానికి కాస్త ఆలస్యమవుతుంది. కొద్ది కిలోబైట్లున్న ప్రోగ్రాము మెగాబైట్లలోకి పెరుగుతుంది. పెట్టెలో ఆవకాయ పెడితే బరువు పెరగదా మరి!

మూట కట్టటం అయింది. ఇంట్లో నొక్కితే చిలక ఎగిరింది. అమ్మాయి గంతులు వేసింది.

"ఇక్కడ ఎగరటం గొప్పకాదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి. ఏమీ లేని చోట విప్పి చూడు," అన్నాను.

పక్కింటివాళ్ళ కంప్యూటరులో పైథాన్ లేదు. అక్కడ నొక్కితే ఆట మొదలైంది కాని వెంటనే ఆగింది. ఈసారి పైగేము ఉన్నది, చిలకబొమ్మ లేదు! ఎందుకంటే, పైఇన్‌స్టాలర్ వెతికి తెచ్చేది ప్రోగ్రాము పిలిచే ఆధారాలను. మనం గీసిన బొమ్మలను మూటలో పెట్టమని మనమే విడిగా చెప్పాలి. ఇంట్లో ఆ బొమ్మ పక్కనే ఉండటంతో లోటు తెలియలేదు. అమ్మాయి బొమ్మను మూటలో చేర్చింది. దాన్ని మూట విప్పిన చోట వెతకాలని ప్రోగ్రాములో కూడా దిద్దింది. అప్పుడు పక్కింట్లో చిలక ఎగిరింది. మరునాడు బడిలోనూ ఎగిరింది. ఒకటో తరగతి పిల్లలు మళ్ళీ వచ్చారు.

అయితే చద్దిమూటతో అన్ని కష్టాలూ తీరుతాయనుకోకండి. విండోస్ మీద కట్టిన మూట విండోస్ మీదనే విప్పుకుంటుంది. లినక్సుకు మరొకటి కట్టాలి. మూటలో అన్నం పెట్టుకోగలం కాని, కూర్చునే నేలను పెట్టుకోలేం కదా! 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన తప్పు ఫైలు ఒకటి ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు మా శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఎంత చక్కగా కట్టిన మూటైనా, పడిపోయిన కంప్యూటరులో విప్పటానికి వీలుండదు.

మరొక జాగ్రత్త ఉన్నది. మూటలో పెట్టిన వస్తువు పాడైతే? 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే ఆధారంలో పెద్ద లోపం బయటపడింది. ప్రోగ్రాములో ఏమేమి జరిగిందో చిట్టా రాసిపెట్టటం దాని పని. ఆ లోపాన్ని పట్టుకుని దుర్మార్గులు ఇతరుల కంప్యూటర్లలో తమ ఆజ్ఞలు నడిపించగలిగేవారు. దిద్దిన ప్రతి త్వరలోనే వచ్చింది. కాని పాత ప్రతి ఎన్నో మూటల్లో, మూటల లోపలి మూటల్లో దాగి ఉన్నది. తమ మూటలో అది ఉన్నదో లేదో కట్టినవాళ్ళకే తెలియలేదు! టెంటుహౌసులో గుండిగకు చిల్లి పడితే ఒక్కటి మారిస్తే చాలు. చద్దిమూటలైతే ప్రతి మూటనూ విప్పి చూసి, మళ్ళీ కట్టాలి.

అందుకే ప్రోగ్రాముతోపాటు సరుకుల చీటీ కూడా ఉండాలని ఇప్పుడు పెద్దలు చెబుతున్నారు. ఏ ఆధారం, ఎన్నో కూర్పు, ఎవరు చేసినది అన్నవి ఆ చీటీలో ఉంటాయి. మన దేశంలో కంప్యూటర్ల భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2024లో ఇటువంటి చీటీలకు మార్గదర్శకాలు ప్రకటించింది.

ఈ సంగతి విని మా మనుమరాలు తన ఆటకు ఒక చీటీ రాసింది: పైథాన్, దాని కూర్పు, పైగేము, దాని కూర్పు, చిలకబొమ్మ, గీసినది నేనే, మూట కట్టిన తేదీ. అంతటితో ఆగలేదు. ఆ రాత్రి అమెరికా వెళుతున్న మా మేనకోడలి పెట్టె దగ్గర కూర్చుని, ఒక్కొక్క వస్తువు పేరూ రాయించి, ఆ చీటీని పెట్టె మూతకు లోపల అంటించింది.

రాస్తూ ఉండగానే బయటపడింది, కవ్వం పెట్టటం మరచిపోయారని!